చింతపండుతో తుడిచిన లండన్

ఇంగ్లండు రాజధానిని ఒక ఆదివారం పూట, చిత్తూరులో, నిమ్మకాయంత చింతపండుతో తుడిచిపెట్టినవాణ్ణి నేను. ఓడలతో, విమానాలతో ప్రయత్నించినవాళ్ళకు కూడా చేతకాని పని అది. నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల పుణ్యమా అని నా పెళ్ళికి పది పన్నెండు రోజులు ఊపిరాడలేదు. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది కాబట్టే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. జాలి పడాలనిపిస్తే పడండి, కానీ ఆ గడియారం మీద పడండి.

నేను తిరుపతిలో ఉంటాను. రోజూ కంపెనీ బస్సెక్కి శ్రీసిటీకి పోయి, ఫోన్లు తయారయ్యే ఒకచోట తనిఖీ బల్ల ముందు కూర్చుంటాను. ముందుకొచ్చిన ప్రతి ముక్కనూ తిప్పి చూడటం, గీత కనబడితే నల్ల మార్కరుతో దాని వీపు మీద ఇంటూ గుర్తు పెట్టడం నా ఉద్యోగం. రోజంతా ఇతరుల పనిలో తప్పులు పట్టి జీతం తెచ్చుకునే మనిషికి ఒక జబ్బు వస్తుంది. తన చేతులు తప్పు చేయవని గట్టిగా నమ్ముతాడు. నాకు ఆ జబ్బు బాగా ముదిరిపోయిన రోజుల్లో చిత్తూరు సంబంధం వచ్చింది.

అమ్మాయి పేరు హేమ. తండ్రి మునిరత్నంగారికి బెల్లం మండీ ఉంది. పెళ్ళిచూపులకని మేం వెళితే, ఆయన మాకు ముందు చూపించింది గడియారాన్ని. అమ్మాయి తర్వాత వచ్చింది.

హాలు మూలలో నా ఎత్తున, నాకన్నా దర్జాగా నిలబడి ఉంది ఆ గడియారం. నల్లటి చెక్కపెట్టె, లోపల ఊగే ఇత్తడి లోలకం, పైన తెల్లరంగు వేసిన ముఖం. ఏటా ఆయుధపూజకు తక్కెడకూ కొడవలికీ మోటారుసైకిలుకూ పెట్టినట్టే దానికీ గంధం, కుంకుమ పెడతారట. ఏళ్ళ తరబడి పెట్టగా పెట్టగా ఆ ముఖం పసుపు రాసుకున్న పెళ్ళికొడుకు ముఖంలా తయారైంది. మధ్యలో నల్లటి ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మసకమసకగా కనిపిస్తున్నాయి.

“దీన్ని మా నాయన తెచ్చినాడప్పా,” అన్నారు మునిరత్నంగారు. “దొర ఒకడు ఊరిడిసి పోతా సామాన్లు యాలం ఏసినాడు. అందురూ కుర్సీలూ మంచాలూ ఎత్తుకోని వచ్చినారు. మా నాయన దీన్ని ఎత్తుకోనొచ్చినాడు. పేరుండాది సూడు. సదువు.”

“హాబ్లీ అండ్ క్రంప్, లండన్.”

“ఎవురు వాళ్ళు?”

“గడియారాలు చేసేవాళ్ళు అయ్యుంటారు మామా.”

“అయ్యుంటారా, అయినారా?”

పెళ్ళిచూపుల్లో అబ్బాయిని జీతం అడుగుతారు, అలవాట్లు అడుగుతారు. వీటికి జవాబులు బట్టీపట్టి వెళ్ళాను. హాబ్లీ, క్రంపుల గోత్రం అడుగుతారని నాకెవరూ చెప్పలేదు.

“నీది తప్పులు పట్టే ఉద్యోగమంట గదా,” అన్నారాయన. “దీన్ని చేసినోళ్ళు ఎవురో, యాడోళ్ళో కనుక్కో. తాంబూలాల నాడు మా వాళ్ళందురి ముందరా సెప్పల్ల.”

తాంబూలాలు సరిగ్గా పదిహేను రోజుల్లో ఉన్నాయి. ఆ సాయంత్రమే హేమ ఫోన్ చేసింది.

“గడియారం సంగతి మనసులో పెట్టుకోవద్దు. ఇంటికొచ్చినోళ్ళందర్నీ అడగడం మా నాయనకు అలవాటు,” అంది. వెంటనే, “ముందొచ్చిన బెంగళూరు సంబంధం మాత్రం దాని కాడనే తప్పిపోయింది,” అని కలిపింది.

“ఎందుకు తప్పిపోయింది?”

“నాకు తెలీదు. ఆయన ఏదో కనుక్కోనొచ్చి హాల్లో మా అవ్వ ముందరే చెప్పబోయినాడు. మా నాయన ఆయనకు కాఫీ ఇప్పించి, గేటు దాకా పోయి సాగనంపినాడు. మళ్ళీ ఆ పేరు ఇంట్లో ఎత్తలేదు.”

మనసులో పెట్టుకోవద్దని చెప్పే పద్ధతి ఇది. నాకు అర్థమైంది ఒక్కటే. బెంగళూరువాడు అరకొరగా కనుక్కున్నాడు, అందుకే పోయాడు. నేను పూర్తిగా కనుక్కోవాలి. లేకపోతే నాకూ కాఫీ, గేటు.

ఇంటర్నెట్టులో రెండు రాత్రులు గాలిస్తే ఇంగ్లండులో ఒక పెద్దాయన దొరికాడు. ఉద్యోగం విరమించాక పాత గడియారాలు చేసినవాళ్ళ పేర్ల పట్టికలు పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాడట. ఆయనకు ఈమెయిలు రాస్తే, పేరు స్పష్టంగా కనబడే ఫోటో ఒకటి పంపమని మర్యాదగా జవాబిచ్చాడు.

స్పష్టంగా అన్నాడు. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాను. మునిరత్నంగారు మండీకి వెళ్ళారు. హేమ వాళ్ళ అవ్వ, అంటే మునిరత్నంగారి తల్లి రాజమ్మ, పక్కవీధిలో చెవులు కుట్టే వేడుకకు వెళ్ళింది. హేమ వాళ్ళమ్మ వంటింట్లో నా కోసం ఏదో వేయిస్తోంది. గడియారం అద్దం తలుపు తెరిచి ఫోను పెట్టి చూస్తే, గంధం మరకల్లో అక్షరాలు సరిగా అగుపించలేదు.

“కాస్త శుభ్రం చేస్తే బాగుంటుంది,” అన్నాను.

“గుడ్డ ఇయ్యాల్నా?” అంది హేమ.

“గుడ్డతో ఏం పోతుంది? దేవుడి సామాను దేంతో తోముతారు మీరు?”

చూశారా, చింతపండు అన్న మాట కూడా నేను నేరుగా అనలేదు. అంత తెలివిగా అడిగాను. హేమ చిన్న గిన్నెలో నానబెట్టిన చింతపండు తెచ్చిచ్చింది. మొదట లోలకం తోమాను. తళతళలాడింది. ముఖం చుట్టూ ఉన్న ఇత్తడి పువ్వులు తోమాను. అవీ మెరిశాయి. హేమ మెచ్చుకోలుగా చూసింది. కాబోయే భార్య మెచ్చుకోలుగా చూస్తున్నప్పుడు మగవాడి చేతిలో చింతపండు ఉండకూడదు. అదే చేత్తో, అదే ఊపులో ముఖం కూడా తుడిచాను.

మొదట లండన్ పోయింది. చెయ్యి ఆపేలోగా క్రంప్‌గారు దాని వెంట వెళ్ళిపోయారు. హాబ్లీ ఒక్కరూ కాసేపు నిలబడ్డారు గానీ, జారుతున్న ఆయన్ని సర్దుదామని నేను వేలు పెట్టగానే ఆయనా సెలవు తీసుకున్నారు. గడియారం మాత్రం ఏమీ జరగనట్టు టిక్కు టిక్కుమంటూ పోతూనే ఉంది. అంకెలు పన్నెండూ చెక్కుచెదరలేదు. పేరుండాల్సిన చోట మాత్రం అప్పుడే గుండు చేయించుకుని కొండ దిగినవాడి తలంత నున్నగా ఉంది.

కాఫీ తేవడానికి వెళ్ళిన హేమ తిరిగొచ్చి చూసింది.

“లండన్ ఏదీ?”

“గుడ్డలో ఉంది.”

“ఫోటో తీసినావా?”

“తీయడానికే శుభ్రం చేశాను.”

హేమ కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. కానీ గోడకున్న గడియారాన్ని (అది మామూలు బ్యాటరీది, టైం చూసుకోవడానికి) చూసి, “నాయన వచ్చేదానికి ఇంకా పావుగంట ఉండాది,” అంది. ఈ పిల్లనే చేసుకోవాలని నేను నిజంగా నిర్ణయించుకున్నది ఆ క్షణంలోనే. కాకపోతే నిర్ణయం నా చేతిలో లేదు. మండీ నుంచి మోటారుసైకిలు మీద వస్తోంది.

దేవుడి గదిలోంచి గంధం గిన్నె తెచ్చింది హేమ. పేరు పోయిన చోటంతా అరచేతి వెడల్పున దట్టంగా పట్టించాం. మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. చేతులు కడుక్కుంటుండగానే మునిరత్నంగారు లోపలికొచ్చారు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి, గడియారం వైపు నడిచారు.

“ఏమప్పా, ఇయ్యాల ఆయుధపూజ గాదే.”

“పని మొదలుపెట్టే ముందు పూజ చేస్తే మంచిదని, మామా.”

“పూజ బలంగా చేసినట్టుండావే. పేరు యాడ?”

“కిందుంది మామా. గంధం కింద.”

ఆయన చాలాసేపు గంధాన్నీ, దానికన్నా ఎక్కువసేపు నన్నూ చూశారు. తర్వాత తలూపారు.

“మంచిది. దీన్ని ఎవురూ తుడవొద్దండి. తాంబూలాల నాడు అందురి ముందరా నేనే తుడుస్తా. పేరు బయటపడతానే నువ్వు లేసి వాళ్ళ కత సెప్పు. బాగుంటాది.”

నాకైతే అప్పట్నుంచే ఏమాత్రం బాగుండలేదు.

వచ్చేటప్పుడు బస్సులో ఒకటే లెక్క. తుడవగానే పేరు కనబడదు. మునిరత్నంగారి తండ్రి కష్టపడి మోసుకొచ్చిన పేరు అది. దాన్ని పోగొట్టినవాడికి కూతుర్నిస్తాడా? పోనీ, వాళ్ళ కథ అయినా ఘనంగా దొరికితే, పేరు పోయినా కథ మిగిలిందని క్షమిస్తాడేమో. ఆ ఆశతో ఇంగ్లండు పెద్దాయనకు మళ్ళీ రాశాను. ఫోటో కుదరలేదని, పేరు మాత్రం ఫలానా అని. నాలుగు రోజులకు జవాబొచ్చింది. శ్రీసిటీ క్యాంటీనులో పెరుగన్నం ముందు పెట్టుకుని చదివాను.

“మీరు రాసిన పేరుతో గడియారాలు చేసినవారెవరూ నా పట్టికల్లో లేరు. అయితే ఆ పేరుతో లండన్‌లో ఒకప్పుడు బిస్కెట్లు చేసినవారు ఉన్నారు. వారి డబ్బా ఫోటో జతచేస్తున్నాను. ముఖం వెనక ఒక ఇనుప పలక ఉండవచ్చు. దాని మీద అచ్చుపోసిన అక్షరాలుంటే తెలపగలరు.”

జతచేసిన ఫోటోలో ఒక రేకు డబ్బా. దాని మీద హాబ్లీ అండ్ క్రంప్. అవే వంకర్లు, అవే తోకలు. నేను చెరిపేసిన అక్షరాలు పునర్జన్మ ఎత్తి బిస్కెట్లయి పుట్టినట్టున్నాయి.

ఇప్పుడు నా పరిస్థితి మీరే ఆలోచించండి. పేరు చెరిపినందుకు ఒక తన్ను. ఆ పేరు బిస్కెట్లవాళ్ళదని చెబితే ఇంకో తన్ను. మీ నాయన దొర చేతిలో మోసపోయాడని నిండు సభలో కాబోయే మామకు చెప్పిన మొదటి అల్లుడిగా జిల్లాలో నిలిచిపోతాను.

తాంబూలాలకు ముందు ఆదివారం మళ్ళీ వెళ్ళాను. మునిరత్నంగారు మండీలో ఉన్న సమయం చూసుకుని హేమ నన్ను తిన్నగా రాజమ్మవ్వ ముందు కూర్చోబెట్టింది. అవ్వ వరండాలో ఆకు వక్క నములుతోంది.

“అవ్వా, ఈయన ఒక తప్పు చేసినాడు,” అంది హేమ. ‘మేము’ అనలేదు, గమనించండి.

అంతా చెప్పాను. అవ్వ నమలడం ఆపింది.

“సబ్బు పెట్టినావా, సింతపండు పెట్టినావా?”

“చింతపండు అవ్వా.”

“నేనూ అదే పెట్టినా,” అంది అవ్వ.

అవ్వ కొంగుతో నోరు తుడుచుకుని, గొంతు తగ్గించింది.

“నేను కాపరానికొచ్చిన కొత్త. మీ తాత దాన్ని యాలంలో తెచ్చిన ఏడు. ఆయుధపూజ వచ్చిందని, దీపపు సెమ్మెలతో బాటు దాన్ని గూడా తోమినా. పేరు పోయె. మీ తాతకు ఇంగిలీసు సదవను రాదు గానీ, ఆడ ఇంగిలీసు ఉండాదని ఊరంతా సెప్పుకోని తిరిగినాడు. ఆ మనిసికి మొగం ఎట్ల సూపించేది? బండ్ల మీద పేర్లు రాసే ఆయప్పను పిలిపించినా. ఏం రాయల్ల అమ్మా అని అడిగినాడు. నాకేం తెలుసు? ఇంట్లో ఇంగిలీసు ఉండేది దీని మీద ఒగటే.”

ఒడిలోంచి వక్కల డబ్బా తీసి ముందు పెట్టింది. అదే వేలంలో గడియారంతో పాటు వచ్చిన డబ్బా అట. రంగు వెలిసిన రేకు. హాబ్లీ అండ్ క్రంప్. దాని కింద బిస్కట్స్. దాని కింద లండన్.

“నడిమిన ఉండే మాట రాయలేదేం అవ్వా?” అంది హేమ.

“జాగా సాలలేదంట. ఒగటి ఇడిసిపెడతానమ్మా అన్నాడు. ఇడిసిపెట్టు నాయనా అన్నా.”

ఆ పేరు తెలియని బండ్ల రాతగాడికి నా తరఫున ఒక దండం. అతనిది కాస్త సన్నటి కుంచె అయ్యుంటే, మునిరత్నంగారు ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ బిస్కట్స్ అని చదివి వినిపించేవారు.

“నీళ్ళ రంగుతో రాసినాడు. అందుకే పోయింది,” అంది అవ్వ తీర్పు చెబుతున్నట్టు. “మీ నాయనకు, మా మునెయ్యకు మాత్రం ఈ మాట తెలీగూడదు. వాళ్ళ నాయనంటే వానికి పానం. నేను ఆయన్ను మోసం చేసినానని తెలిస్తే ఏమనుకుంటాడో.”

అంతదాకా నా పెళ్ళి గురించే భయపడ్డాను. ఇప్పుడు ఎనభై దాటిన ముసలావిడ పరువు కూడా నా నెత్తిన పడింది. నా నెత్తి అంత పెద్దది కాదు.

నా జేబులో శ్రీసిటీ మార్కరు ఉంది. పనికిరాని ముక్కల వీపు మీద ఇంటూ పెట్టే మార్కరు. మందులు పోసి కడిగినా దాని గీత పోదు. అవ్వ వీధిలోకి చూస్తూ కాపలా కాసింది. తడిగుడ్డతో గంధం తీశాను. ముగ్గులేసే చెయ్యి కదా, హేమ డబ్బా చూస్తూ ఒక్కొక్క అక్షరం దించింది. బిస్కట్స్ అన్న మాట దగ్గర ఆగి నా వైపు చూసింది.

“ఇడిసిపెట్టు,” అన్నాను.

సిరా ఆరేలోగా గడియారం పైపెట్టె జారదీసి, ముఖానికీ చక్రాలకూ మధ్య సందులో ఫోను దూర్చి రెండు ఫోటోలు తీసి ఇంగ్లండుకు పంపాను. తర్వాత మళ్ళీ గంధం, మళ్ళీ కుంకుమ. ఈసారి పూజ మనస్ఫూర్తిగా చేశాను.

తాంబూలాల రోజు హాలు నిండా చుట్టాలు. లగ్నపత్రిక చదివారు, తాంబూలాలు మార్చుకున్నారు. మునిరత్నంగారు లేచి, తడిగుడ్డ పట్టుకుని గడియారం దగ్గరికి వెళ్ళారు. ఆయన తుడిచారు. గట్టిగా తుడిచారు. నాకెందుకో అవసరానికి మించి గట్టిగా తుడుస్తున్నట్టు తోచింది. హాబ్లీ వచ్చారు. క్రంప్ వచ్చారు. లండన్ వచ్చింది. ఎన్నడూ లేనంత నల్లగా, నిగనిగలాడుతూ.

“ఇప్పుడు సెప్పప్పా. ఎవురు వాళ్ళు?”

లేచాను. అబద్ధం చెబితే ఎప్పుడో దొరికిపోతాను, నిజం చెబితే ఇప్పుడే. మధ్యలో సన్నటి సందు ఒకటి కనిపించింది. గడియారంలో ఫోను దూర్చినట్టే అందులో దూరాను.

“హాబ్లీ, క్రంప్ అనేవాళ్ళు చాలా పేరున్నవాళ్ళు. లండన్‌లో వాళ్ళ సరుకు లేని ఇల్లే ఉండేది కాదంట.”

చుట్టాల్లో గుసగుసలు.

“సాయంత్రం టీ తాగే వేళకు ప్రతి ఇంట్లో వాళ్ళనే తలుచుకునేవాళ్ళంట.”

“టైమంటే దొరలకు అంత పట్టింపు,” అన్నాడు ముందువరసలో ఒక పెద్దాయన.

“తేమ తగలకుండా డబ్బాల్లో పెట్టి, ఓడల మీద అన్ని దేశాలకూ పంపేవాళ్ళంట.”

“అవు మల్ల. తేమ తగిల్తే తుప్పు పట్టదా?”

మెత్తబడతాయి అనబోయి నాలుక కరుచుకున్నాను. హేమ తల వంచుకుని ఉంది, భుజాలు మాత్రం అదురుతున్నాయి. కాబోయే పెళ్ళికూతురికి కన్నీళ్ళొచ్చాయని ఎవరో అత్తమ్మ ఓదారుస్తోంది. అవ్వ ఒడిలోని డబ్బా మీద కొంగు ఇంకో మడత కప్పుకుంది.

మునిరత్నంగారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటుంటే ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డారు.

“బిస్కట్లు బాగుండేవంటనా?”

చేతిలో చెంబు జారింది.

“పరవాలే, ఎత్తుకో,” అన్నారు. “నువ్వు గంధం పెట్టిన నాడే తెలుసు. హాల్లో అడుగు పెడితే సింతపండు వాసన. ముప్పై ఏండ్లుగా మండీలో ముక్కుతోనే యాపారం చేస్తా ఉండాను.”

“మరి పేరు సంగతి?”

“మా అమ్మ ఆ డబ్బాలో మురుకులు దాసిపెట్టేది. దొంగతనంగా తినేటప్పుడు దాని మీది అచ్చరాలు కూడబలుక్కోనే నాకు ఇంగిలీసు వచ్చింది. ఒగనాడు తలెత్తి సూస్తే గెడియారం మీదా అవే. ఏం జరిగిందో తెలీలేదు గానీ, మా అమ్మ దాసిపెట్టిందేదో ఉండాదని తెలిసింది. మా నాయనకు సెప్పలా. ఆయమ్మకూ సెప్పలా. వచ్చినోళ్ళందురికీ ఆ పేరే సూపించి గొప్ప సెప్పినా. ఆయమ్మ వింటా నిమ్మళంగా ఉండేది.”

“మరి నన్నెందుకు కనుక్కోమన్నారు?”

“బెంగళూరు పిల్లోడు రెండు దినాల్లో కనుక్కోనొచ్చినాడు. అంకుల్, ఇది బిస్కట్ కంపెనీ అని మా అమ్మ ముందరే మొదులుపెట్టినాడు. తెలివైనోడే. ఆ తెలివి మా ఇంటికి వద్దనుకున్న్యా.” తువ్వాలు నాకందించారు. “నువ్వు ఏం సెప్తావో సూద్దామనుకున్న్యా. ఆ డబ్బాల మాట బాగా సెప్పినావు.”

ఇన్ని రోజులూ నేను పరీక్ష రాస్తున్నాననుకున్నాను. రాస్తున్న మాట నిజమే, సబ్జెక్టే వేరు.

“ఇంతకీ దాన్ని నిజంగా చేసిందెవురప్పా?” అన్నారు నడుస్తూ నడుస్తూ.

ఇంగ్లండు జవాబు ఆ పొద్దునే వచ్చింది. “వెనక ఇనుప పలక మీద బర్మింగ్‌హామ్ అని ఉంది మామా. ముఖం ఆ ఊరిలో చేశారు. చక్రాలు ఇంకొకచోట. పెట్టె ఎవరో వడ్రంగి. అన్నీ తెచ్చి బిగించి, అమ్మిన అంగడివాడు తన పేరు రాయించుకుంటాడంట. ఆ పేరు ఎప్పుడో చెరిగిపోయింది.”

“అంటే మీ శ్రీసిటీలో ఫోన్లు చేసినట్టేనా?”

“అచ్చం అట్లనే.”

“ఎవురూ చెయ్యని దానికి ఎవురి పేరుంటే ఏమిలే,” అని ఆయన లోపలికెళ్ళి, అప్పుడే వచ్చిన చుట్టం ఒకాయన్ని చెయ్యి పట్టుకుని గడియారం ముందు నిలబెట్టారు. “పేరుండాది సూడు. సదువు,” అనడం నాకు పెరట్లోకి వినిపించింది. అవ్వ నిమ్మళంగా వక్క నములుతోంది.

పెళ్ళయ్యాక హేమ, నేను కాణిపాకం వెళ్ళాం. మా జిల్లాలో మాట మీద నమ్మకం లేనివాణ్ణి అక్కడి వినాయకుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయిస్తారు. నా మీద నాకే నమ్మకం లేదు కనుక నేనే వెళ్ళి నిలబడ్డాను. చింతపండు అనే పదార్థాన్ని ఈ జన్మలో చారులోనూ పులిహోరలోనూ తప్ప వాడనని, నా వయసుకన్నా పెద్దదైన ఏ వస్తువునూ శుభ్రం చేయనని, భార్య మెచ్చుకోలుగా చూస్తున్నప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటానని చెప్పాను. చివరిదాన్ని వాడే అవకాశం ఇంకా రాలేదు.

లండన్ ఇప్పుడు చిత్తూరులో క్షేమంగా ఉంది. మార్కరు రాత కదా, చింతపండుకు లొంగదని నా ఉద్యోగానుభవం చెబుతోంది. ఆ మాట నిజమో కాదో ఒక్క చుక్కతో తేల్చుకోవచ్చు. తేల్చుకోను. స్వామి వింటున్నాడు.